ఏటిగట్టు మీద సైకిలు యాత్ర: షుగరున్నవారు దారి ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మా వారికి 51 ఏళ్ళు. బ్యాంకులో ఉద్యోగం. ఆరేళ్ళుగా షుగరు, మూడేళ్ళుగా బి.పి. ఉన్నాయి. షుగరుకు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. బి.పి.కి వేరే మాత్ర ఉంది. బరువు తగ్గమని డాక్టరు చెబితే గేర్ల సైకిలు కొన్నారు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఆదివారాలు బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్ళి వస్తున్నారు. సంక్రాంతిలోగా ఉండవల్లి, మంగళగిరి చుట్టి కృష్ణ కరకట్ట మీదుగా తిరిగి రావాలని ముగ్గురూ పథకం వేసుకున్నారు. దానికి తయారీగా పోయిన ఆదివారం మంగళగిరి వెళ్ళి వచ్చారు. తెల్లవారుజామున మాత్ర వేసుకుని, కాఫీ మాత్రం తాగి బయలుదేరారు. తిరిగి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేటంత చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏమయిందండీ అని అడిగితే నా మీద విసుక్కున్నారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఎన్నడూ నాతో అలా మాట్లాడలేదు. ఇడ్లీలు పెడితే తిన్నారు. అరగంటకు మామూలు మనిషయ్యారు. ఎండదెబ్బ అంటున్నారు. ఆ రోజు ఎండే లేదు, మంచు పడుతోంది. నాకు భయంగా ఉంది. సైకిలు అమ్మేయమంటే పోట్లాట అవుతోంది. ఆయన్ని ఆపమంటారా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, ఆపనక్కరలేదు. కాని ఈ ఆదివారం మాత్రం పంపవద్దు. ముందు జరిగిందేమిటో మీ ఇద్దరికీ తెలియాలి.

అది ఎండదెబ్బ కాదు

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ వారికి రక్తంలో చక్కెర పడిపోయిందని అనుకోవాలి. షుగరు డౌనయిందని మనం అంటూ ఉంటామే, అదే ఇది. చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసకబారడం, మాట తడబడడం దీని లక్షణాలు. వీటితోపాటు మరొకటి ఉంది, దానిని చాలామంది గుర్తించరు. అది అకారణమైన చిరాకు. మెదడు ఆ సమయంలో ప్రధానంగా చక్కెర మీదనే ఆధారపడి పనిచేస్తుంది. అది తగ్గేసరికి ఆలోచన మందగిస్తుంది, కోపం వస్తుంది, ఎదుటివారి మాట రుచించదు. కనుక ఆ రోజు మీ మీద విసుక్కున్నది మీ వారు కాదు, చక్కెర అందని ఆయన మెదడు. తిన్న అరగంటకు మామూలు మనిషి కావడమే దీనికి పెద్ద ఆధారం. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూసి ఉంటే అంకె 70 మిల్లీగ్రాములకన్నా తక్కువే కనిపించి ఉండేదని నా అనుమానం.

మరొక సంగతి కూడా ఆలోచించండి. ఆ స్థితి గుమ్మం ముందర మొదలయినది కాదు. దారిలోనే మొదలయి ఉంటుంది. అంటే ఆయన అదే స్థితిలో ప్రకాశం బ్యారేజీ మీది రద్దీలో సైకిలు తొక్కుకుంటూ వచ్చారన్న మాట. మీ భయంలో అర్థం ఉంది. అయితే ప్రమాదం సైకిలులో లేదు, లెక్క చూసుకోకపోవడంలో ఉంది.

చక్కెర ఎందుకు పడిపోయింది?

సైకిలు తొక్కేటప్పుడు తొడ కండరాలు రక్తంలోని చక్కెరను వేగంగా లాగేసుకుంటాయి. ఇన్సులిన్ తక్కువగా ఉన్నా కండరం చక్కెరను తీసుకోగలగడం వ్యాయామంలోని గొప్ప గుణం. షుగరు రోగులకు వ్యాయామం మందులా పనిచేసేది అందుకే. మామూలు మనిషిలో ఇలా చక్కెర ఖర్చవుతూ ఉంటే క్లోమం ఇన్సులిన్ తయారీని తగ్గించుకుంటుంది. కాలేయం తన నిలవలోంచి కొంత చక్కెరను వదులుతుంది. లెక్క సరిపోతుంది.

గ్లిమిపిరైడ్ వేసుకున్నవారిలో అలా జరగదు. ఆ మాత్ర పని క్లోమం చేత ఇన్సులిన్‌ను ఊరించడం. మనిషి నిద్రపోతున్నాడా, సైకిలు తొక్కుతున్నాడా అన్నది దానికి తెలియదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ మాత్రలూ, ఇన్సులిన్ ఇంజక్షనూ ఇదే కోవలోకి వస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ఇలా పడిపోవడం అరుదు. మీ వారు మాత్ర వేసుకుని, కాఫీ మాత్రం తాగి, పోను రాను పాతిక కిలోమీటర్ల పైన తొక్కారు. ఒకవైపు మాత్ర, మరొకవైపు కండరాలు లాగుతుంటే, మధ్యలో తిండి లేదు. పడిపోక ఏం చేస్తుంది?

బయలుదేరే ముందు డాక్టరు దగ్గరకు

మీ వారు చూపించుకునే డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఈ అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి.

1. సైకిలు తొక్కే రోజున పొద్దుటి మాత్ర తగ్గించాలా, తిరిగి వచ్చాక వేసుకోవాలా? ఇది డాక్టరే తేల్చాలి. సొంతంగా మాత్ర మానడం కూడా తప్పే.

2. గుండె పరీక్ష అవసరమా? యాభై దాటి, షుగరు, బి.పి. రెండూ ఉండి, ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్నవారికి ఇ.సి.జి., అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. షుగరున్నవారిలో కొందరికి గుండెకు రక్తం చాలకపోయినా నొప్పి తెలియదు. ఆయాసమే మొదటి గుర్తు కావచ్చు.

3. బి.పి. మాత్ర పేరు మీరు రాయలేదు. అది అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటిదయితే నాడి వేగం పెరగనివ్వదు. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడను, వణుకును కూడా కప్పిపుచ్చుతుంది. అటువంటప్పుడు చెమట ఒక్కటే మిగిలే గుర్తు. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రయితే ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది.

4. కంటి వెనుక పొర పరీక్ష ఈ ఏడాది అయిందా? షుగరు వలన అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే, బిగబట్టి ఎత్తు ఎక్కడం వలన రక్తస్రావం కావచ్చు.

5. పాదాలకు స్పర్శ సరిగా ఉందా? స్పర్శ తగ్గినవారికి బూటులో రాయి దూరినా తెలియదు.

దారి ఎలా వేసుకోవాలి?

వారు అనుకున్న చుట్టు బాగున్నదే. బ్యారేజీ దాటి సీతానగరం, అక్కడి నుండి ఉండవల్లి గుహలు, పెనుమాక, ఎర్రబాలెం మీదుగా మంగళగిరి. అక్కడి నుండి తూర్పుగా ఏటి వైపు తిరిగి, చిర్రావూరు దగ్గర కరకట్ట పట్టుకుని, ప్రాతూరు పక్కగా మళ్ళీ సీతానగరం. బ్యారేజీ నుండి బ్యారేజీకి సుమారు 35 కిలోమీటర్లు. మధ్యలో జాతీయ రహదారి అడ్డం వస్తుంది. అక్కడ దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటాలి.

ఈ దారిని ఉండవల్లి వైపు నుండే మొదలుపెట్టమనండి. దానికి రెండు కారణాలున్నాయి. కొండల పక్కనున్న ఎత్తుపల్లాలు ఒంట్లో శక్తి ఉన్నప్పుడే అయిపోతాయి, అలసిన కాళ్ళకు చదునైన ఏటిగట్టు మిగులుతుంది. రెండోది, శీతకాలపు పొద్దున సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. చిర్రావూరు నుండి ఎగువకు వచ్చేటప్పుడు ఎండ వీపు మీద పడుతుంది. ఎదురు తిరిగి వెళితే అదే ఎండ కళ్ళలో కొడుతుంది. కట్ట మీద ఎదురయ్యే ట్రాక్టరు కనిపించదు.

వెళ్ళిన దారినే తిరిగి వచ్చే ప్రయాణానికీ, చుట్టు తిరిగి వచ్చే ప్రయాణానికీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటి దానిలో అలసట అనిపించిన చోటనే వెనక్కు తిరగవచ్చు. రెండోదానిలో సగానికి చేరాక వెనక్కు తిరిగినా, ముందుకు వెళ్ళినా దూరం ఒకటే. కనుక నిర్ణయం సగం దగ్గరే జరగాలి. ఈ చుట్టులో ఆ చోటు మంగళగిరి. అక్కడ హోటళ్ళున్నాయి, మందుల దుకాణాలున్నాయి, బస్సూ ఆటోలూ దొరుకుతాయి. కట్ట ఎక్కాక ఇవన్నీ తగ్గిపోతాయి. మంగళగిరిలో అనుమానం కలిగితే సైకిలును ఆటోలో వేసుకుని ఇంటికి రావాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

చుట్టు మొత్తం ఒక్కసారే చెయ్యకూడదు. డాక్టరు సరేనన్నాక మొదటి మూడు ఆదివారాలు ఉండవల్లి దాకా వెళ్ళి రావాలి. గుహల ముందర కూర్చుని, చక్కెర చూసుకుని, తిరిగి రావాలి. నాలుగంతస్తులుగా కొండను తొలిచిన ఆ గుహాలయం, లోపల పవళించి ఉన్న విష్ణుమూర్తి విగ్రహం ఎన్నిసార్లయినా చూడదగ్గవే. తరువాత రెండు ఆదివారాలు మంగళగిరి దాకా. అప్పటికి అంకెలు అదుపులో ఉంటేనే కరకట్ట. సంక్రాంతికి కాకపోతే శివరాత్రికి చేస్తారు. కొంపేమీ మునగదు.

మంగళగిరిలో ఇంకో ఆకర్షణ ఉంది. కొండమీది పానకాల స్వామి. చుట్టు తిరిగే రోజున మెట్లెక్కే పని పెట్టుకోవద్దు. కింద 11 అంతస్తుల గాలిగోపురానికి నమస్కారం చేసుకుని ముందుకు సాగమనండి. కొండ ఎక్కడానికి మరో ఆదివారం ఉంది.

కాలం సంగతి. కార్తీకం నుండి మాఘం వరకు ఈ యాత్రకు అనువైన రోజులు. ఎండాకాలంలో విజయవాడ ఎండకు షుగరు, బి.పి. ఉన్నవారు ఇటువంటి పని తలపెట్టకూడదు. వర్షాకాలంలో కృష్ణకు వరద వచ్చినప్పుడు కట్ట వైపే వెళ్ళవద్దు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. చలికాలంలోనయినా మంచు దట్టంగా ఉంటే అది విడేదాకా ఆగాలి. సైకిలుకు వెనుక ఎర్రదీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి.

నాలుగు చోట్ల నాలుగు అంకెలు

గ్లూకోమీటరు వెంట ఉండాలి. బయలుదేరే ముందు ఇంటి దగ్గర, తరువాత ఉండవల్లిలో, మంగళగిరిలో, చివరగా సీతానగరంలో చూసుకోవాలి.

బయలుదేరడానికి గంట ముందు రెండు మూడు ఇడ్లీలో, రెండు బ్రెడ్డు ముక్కలో తినాలి. ఒట్టి కాఫీతో బయలుదేరకూడదు. అంకె 90 కన్నా తక్కువ ఉంటే ఒక చిన్న అరటిపండు తిని, మళ్ళీ చూసుకుని, పెరిగాకే కదలాలి. 90 నుండి 250 మధ్య ఉంటే సాధారణంగా బయలుదేరవచ్చు. 250 దాటితే కీటోన్ల పరీక్ష చెయ్యాలి. కీటోన్లు ఉన్నా, ఒంట్లో నలతగా ఉన్నా ఆ రోజు ప్రయాణం మానాలి. దారిలో ముప్పావు గంటకోసారి ఒక చిన్న అరటిపండో, నాలుగు బిస్కట్లో తినాలి. ఆకలి వేసేదాకా ఆగకూడదు. రెండు మూడు వారాల అంకెలు రాసి చూపిస్తే, ఎంత తినాలో డాక్టరు సరిచేసి చెబుతారు.

సీతానగరంలో చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఇల్లు దగ్గరకొచ్చింది గదా అని అందరూ అక్కడ ఆగకుండా వచ్చేస్తారు. చక్కెర పడిపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఆ చివరి గంటలోనే. రద్దీ ఎక్కువగా ఉండేది కూడా ఆ తరువాత బ్యారేజీ మీదనే. 1957లో కట్టిన ఆ బ్యారేజీ పొడుగు కిలోమీటరు పైనే. మధ్యలో కళ్ళు తిరిగితే పక్కకు తప్పుకునే చోటు ఉండదు. అంకె చూసుకోకుండా బ్యారేజీ ఎక్కనని మీ వారి చేత మాట తీసుకోండి.

చక్కెర పడిపోతే ఏం చెయ్యాలి?

అనుమానం రాగానే సైకిలు దిగాలి. మూడు చెంచాల పంచదారో, గ్లూకోజు పొడో నీళ్ళలో కలిపి తాగాలి. అది సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలు కూర్చుని మళ్ళీ చూసుకోవాలి. 70 దాటకపోతే మళ్ళీ అంతే తాగాలి. దాటాక బిస్కట్లో, అరటిపండో తిని, కాసేపు విశ్రాంతి తీసుకోవాలి. ఆ రోజుకు ఇక తొక్కకూడదు.

షుగరున్నవాడికి పంచదారా అని స్నేహితులు వెనకాడకూడదు. ఆ క్షణంలో మందు అదే. మంగళగిరి స్వామికి పోసే బెల్లం పానకం దొరికినా సరే. కాని చక్కెర అంకె బాగానే ఉన్నప్పుడు ప్రసాదం గదా అని గ్లాసెడు తాగితే అది ఒట్టి బెల్లమే, అంకె పైకి పోతుంది. గుక్కెడుతో సరిపెట్టుకోవాలి. కొబ్బరి బోండాంలో చక్కెర తక్కువ. పడిపోయిన చక్కెరను లేపడానికి దాన్ని నమ్ముకోవద్దు.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి.

ఈ సంగతులన్నీ ఆయనతో వెళ్ళే ఇద్దరికీ తెలియాలి. ఎందుకంటే చక్కెర పడిపోయిన మనిషి తనకేమీ కాలేదంటాడు. నాకు తెలుసులే పదండి అంటాడు. ఆ మాట వినకుండా ఆపగలిగేవాడే స్నేహితుడు. ఒక పొట్లం గ్లూకోజు ఆయన జేబులో, మరొకటి స్నేహితుడి జేబులో ఉండాలి. మందుల పేర్లు, మీ ఫోను నంబరు రాసిన చీటీ కూడా ఉండాలి.

ఎంత వేగం? ఎన్ని నీళ్ళు?

తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడేటంత తీరిక మాత్రం ఉండకూడదు. అదే సరైన వేగం. మాట తెగిపోతూ ఉంటే తగ్గించాలి. ఎత్తు రాగానే పెడలు బరువెక్కకముందే గేరు తేలిక చేసుకోవాలి. బరువు గేరు మీద బలంగా తొక్కితే మోకాలి చిప్ప నొప్పి పెడుతుంది.

సీటు ఎత్తు చూడండి. పెడలు అట్టడుగున ఉండగా మడమ దాని మీద పెడితే కాలు చాపినట్టుగా రావాలి. మునివేళ్ళ దగ్గరి పాదంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు కిందికి ఉంటే మోకాళ్ళ నొప్పులు తప్పవు. తొడల మధ్య తిమ్మిరి ఎక్కితే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సరిచెయ్యాలి. పది నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడాలి. చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతుల మీద బరువు ఎక్కువగా పడుతున్నదన్న మాట, చేతులు మార్చి పట్టుకోవాలి.

చలికాలంలో గంటకు అర లీటరు నీళ్ళు సుమారుగా సరిపోతాయి. దాహాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ చేసుకోవచ్చు. మంచిది గదా అని లీటర్లకు లీటర్లు ఒట్టి నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. అదీ ప్రమాదమే. బి.పి. ఉన్నవారు ఉప్పు కలిపిన మజ్జిగ అదేపనిగా తాగవద్దు.

చక్కెరతో సంబంధం లేని కొన్ని హెచ్చరికలు కూడా గుర్తుంచుకోండి. గుండెలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, చల్లని చెమట వస్తే గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. వెంటనే ఆగి 108కి ఫోను చెయ్యాలి. కట్ట మీద కుక్క కరిస్తే 15 నిమిషాలపాటు సబ్బునీళ్ళతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంటికి వచ్చాక

వ్యాయామం ముగిసినా కండరాలు చక్కెరను లాగుతూనే ఉంటాయి. ఖాళీ అయిన నిలవలు నింపుకోవాలి గదా! కనుక ఆ రాత్రి, మర్నాడు తెల్లవారుజామున కూడా చక్కెర పడిపోవచ్చు. పడుకోబోయే ముందు అంకె చూడండి. రాత్రి మాత్ర సంగతి కూడా ముందే డాక్టరును అడిగి ఉంచుకోండి. ఆ రోజు భోజనం మానడం, మద్యం ముట్టుకోవడం రెండూ పనికిరావు. అర్ధరాత్రి ఆయన చెమటలు పట్టి కలవరిస్తుంటే పీడకల అనుకోకండి, లేపి చక్కెర చూడండి. పాదాలు కూడా ఒకసారి పరీక్షగా చూడండి. పొక్కులుంటే చిదమవద్దు.

అమ్మా, సైకిలు అమ్మేయించకండి. జాగ్రత్తగా తొక్కితే కొన్ని నెలల్లో ఆయన మాత్రల మోతాదు తగ్గించే అవకాశం కూడా రావచ్చు. దానికి బదులు ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఆ నాలుగు అంకెలూ అందులో రాయమనండి. ఆయన అకారణంగా విసుక్కున్న రోజున మీరు నొచ్చుకోవద్దు, పోట్లాడవద్దు. ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి చేతికివ్వండి. అరగంట తరువాత కూడా విసుక్కుంటూ ఉంటే అప్పుడు తీరిగ్గా పోట్లాడవచ్చు.